మందార మాడితే మిరపకు ముప్పు

మొక్క నాటడం, చెరువు తవ్వించడం మన పెద్దలు సప్త సంతానాల లెక్కలో చేర్చిన పుణ్యకార్యాలు. నేడు ఆ పుణ్యాన్ని ప్రభుత్వమే తలకెత్తుకున్నది. 2015 జూలైలో హరితహారం మొదలైంది. ప్రభుత్వం మారిన తరువాత అదే పని వనమహోత్సవం పేరుతో సాగుతున్నది. ఊరూరా నర్సరీ పెట్టారు, పల్లె ప్రకృతి వనాలు వేశారు, పంచాయతీలకు ట్రాక్టరు, నీళ్ళ ట్యాంకరు ఇచ్చారు. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాక కొత్త కార్యాలయాలు వచ్చాయి, రోడ్లు వెడల్పయ్యాయి, వాటి నడుమ పూలమొక్కల వరుసలు వెలిశాయి. మందార, నూరువరహాలు, నందివర్ధనం, గులాబి, గన్నేరు, కాగితంపూలు - ఏ ఆఫీసు ముందు చూసినా ఇవే కదా!

ఎన్ని మొక్కలు నాటామన్నది ఏటేటా లెక్క తేలుతుంది. నాటినవాటిలో నూటికి 85 బతకాలన్న నియమం కూడా వచ్చింది. బతకకపోతే సర్పంచ్‌నూ, పంచాయతీ కార్యదర్శినీ అడుగుతారు. కాని చచ్చిన మొక్క ఎందుకు చచ్చిందో అడిగేవారే లేరు. అడిగినా మూడే జవాబులు వినిపిస్తాయి. "ఎండలు ముదిరినయ్." "నీళ్ళు సక్కగ పోస్తలేరు." "మొక్కలే మంచియి కావు." ఈ మూడింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. నాలుగో జవాబు ఒకటుంది. రోజూ నీళ్ళు పోస్తున్నా మొక్క మాడుతున్నదంటే, ఆ పోసే నీళ్ళలోనే ఏదో ఉన్నదేమో చూడాలి. ఆ ఏదో చాలాసార్లు ఉప్పే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. మొక్కను ఎంచుకునే ముందు నీటిని పరీక్షించాలి. పరీక్షించకుండా నాటిన పూలమొక్క మాడిపోతే, దాన్ని చెత్తకుప్పలో వేసి మరొకటి నాటడం కాదు, అది చెబుతున్న సాక్ష్యాన్ని వినాలి. ఎందుకంటే ఆ సాక్ష్యం తోటకు మాత్రమే సంబంధించింది కాదు, చుట్టూ ఉన్న పొలాలకు కూడా సంబంధించింది. ఆ సాక్ష్యాన్ని చదవగలిగే చదువు మనం, అంటే సైన్సు విద్యార్థులం, చదువుతున్నాం.

సౌడు మనకు కొత్త కాదు

పుస్తకాల్లో చౌడు అని రాసేదాన్ని మన దిక్కు సౌడు అంటారు. చాకలివారు బట్టలుతకడానికి సౌడుమట్టి ఏరుకొచ్చిన కాలం ఎంతో దూరం లేదు. రైతులు దీన్ని రెండు రకాలుగా చెబుతారు. నేల మీద తెల్లగా పాలు ఒలికినట్టు తేలేది పాల చౌడు. నల్లగా, తడిస్తే జారుతూ, ఎండితే రాయిలా గట్టిపడేది కారు చౌడు. ఈ విభజన ఏ ప్రయోగశాలా చేసింది కాదు, నాగలి పట్టినవాళ్ళు కంటితో, పాదంతో చేసింది. 1954లో అమెరికాలోని రివర్‌సైడ్ లవణ పరిశోధనశాల విడుదల చేసిన గ్రంథం కూడా ఇంచుమించు ఇదే గీత గీసింది. నేలను నీటితో తడిపి పిండిన ద్రవంలో విద్యుద్వాహకత మీటరుకు 4 డెసీసీమెన్లు మించితే లవణ నేల అన్నది. మట్టి రేణువులు పట్టుకున్న ధాతువుల్లో సోడియం నూటికి 15 పాళ్ళు మించి, ఉదజని సూచిక 8.5 దాటితే క్షార నేల అన్నది. మొదటిది మన పాల చౌడు, రెండవది మన కారు చౌడు.

ఈ విద్యుద్వాహకత అనే మాటకు జడవవలసిన పని లేదు. స్వచ్ఛమైన నీరు విద్యుత్తును సరిగా ప్రసరింపజేయదు. ఉప్పు కరిగిన కొద్దీ ప్రసరణ పెరుగుతుంది. కాబట్టి ఈ అంకె పెద్దదైతే ఉప్పు ఎక్కువన్నమాట. సుమారుగా 1 డెసీసీమెన్ అంటే లీటరు నీటిలో 640 మిల్లీగ్రాముల లవణాలు. 2015లో మొదలైన భూసార కార్డులో రైతుకు ఇచ్చే అంకెల్లో ఇదీ ఒకటి. ఆ కార్డు మన ఇళ్ళల్లో ఏ ట్రంకు పెట్టెలోనో భద్రంగా ఉన్నది. చదివేవారే కరువు.

ఇంతకూ సముద్రం ఎక్కడో ఉండగా మన దగ్గరికి ఉప్పు ఎట్లా వచ్చింది? జనగామ చుట్టుపక్కల భూమి గట్టి రాతి పొర. నల్లరాయి, గ్రానైటు. ఇక్కడ నీళ్ళు ఇసుకలో ఉన్నట్టు ధారాళంగా ఉండవు. పైనున్న మెత్తబడిన రాతిలోనూ, కిందనున్న పగుళ్ళలోనూ దాగి ఉంటాయి. రాతిలోని ఫెల్‌స్పార్ వంటి ఖనిజాలు మెల్లమెల్లగా కరిగి సోడియాన్ని, బైకార్బొనేటును నీటిలోకి వదులుతాయి. ఆ నీటిని బోరుతో పైకి తోడి పొలానికి పెడతాం. పైరు నీళ్ళు తాగుతుంది, ఎండ నీళ్ళు తాగుతుంది, ఉప్పును ఎవరూ తాగరు. మిగిలిన కొద్దిపాటి నీరు ఆ ఉప్పును వెంటబెట్టుకొని మళ్ళీ కిందికి దిగుతుంది. మళ్ళీ తోడతాం, మళ్ళీ పెడతాం. ఒకే నీరు ఇట్లా ఎన్నిసార్లు తిరిగితే అంత చిక్కబడుతుంది. చెరువు నిండి, వానలు దండిగా పడిన ఏడు బావినీళ్ళు చప్పబడతాయని పెద్దలు చెప్పేది ఇందుకే.

మూడు జిల్లాలనూ ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. జనగామది రాతినేల బోర్ల కథ. మహబూబాబాద్, అదే మన మానుకోట, మిరపకు పేరుపడ్డ ప్రాంతం. బయ్యారం చెరువు వంటి కాకతీయుల నాటి చెరువులు ఒక వైపు, శ్రీరాంసాగర్ రెండవ దశ కాలువ మరొక వైపు. కాలువ నీరు చప్పనిదే అయినా, మురుగు పోయే దారి లేని పల్లంలో నీటిమట్టం పైకి లేస్తే నేల అడుగునున్న ఉప్పు కూడా వెంట లేస్తుంది. భూపాలపల్లి గోదావరి లోయలోని ఇసుకరాతి నేల. వానలు ఎక్కువ, అడవి ఎక్కువ. అక్కడ ఉప్పు భయం తక్కువే కావచ్చు. కాని బొగ్గు గనులు, చెల్పూరు థర్మల్ కేంద్రం ఉన్నచోట ఆకు మీద దుమ్ము పడుతుంది. దుమ్ము కూడా ఆకు రంధ్రాలను మూస్తుంది, వెలుగును అడ్డుకుంటుంది. కాబట్టి భూపాలపల్లిలో వాడిన ఆకునూ, జనగామలో వాడిన ఆకునూ ఒకే కారణంతో చూడరాదు. విజ్ఞానశాస్త్రం నేర్పే మొదటి పాఠమే అది కదా!

ఆకులో ఏం జరుగుతుంది?

ఉప్పు మొక్కను రెండు దెబ్బలు కొడుతుంది. మొదటి దెబ్బ వేరు దగ్గర. ద్రవాభిసరణ గురించి మనం ఇంటర్మీడియట్‌లోనే చదువుకున్నాం. నీరు పలుచని ద్రావణం నుంచి చిక్కని ద్రావణం వైపు నడుస్తుంది. వేరు లోపలి రసం మట్టిలోని నీటికంటే చిక్కగా ఉన్నంతకాలం నీరు లోనికి వస్తుంది. మట్టి నీరే చిక్కబడితే? చుట్టూ తడి ఉంటుంది, వేరుకు మాత్రం దాహం తీరదు. పెళ్ళి పందిట్లో ఉండి పస్తులున్నట్టే. ఈ దెబ్బకు గంటలు, రోజులు చాలు. కొత్త ఆకులు చిన్నవిగా పుడతాయి, కొమ్మ సాగదు, మొగ్గ తగ్గుతుంది.

ఇక్కడే తోటమాలి మోసపోతాడు. చిన్నబడిన ఆకులో కణాలు కూడా చిన్నబడి దగ్గరదగ్గరగా సర్దుకుంటాయి. ఆకు మందమవుతుంది. ఒక్కొక్క చదరపు సెంటీమీటరులో హరితరేణువులు ఎక్కువగా కనబడతాయి. అందువల్ల తొలి దశలో ఆకు ముదురు ఆకుపచ్చగా, ఆరోగ్యంగా ఉన్నట్టే ఉంటుంది. "మస్తు పచ్చగున్నది" అని మెచ్చుకుంటాం. కాని ఆకుల మొత్తం వైశాల్యం తగ్గిందంటే, మొక్కకు అన్నం వండే పొయ్యిలు తగ్గాయన్నమాట.

రెండవ దెబ్బ ఆకులో. మొక్క తాగిన నీటిలో అత్యధిక భాగం భాష్పోత్సేకం ద్వారా గాలిలో కలిసిపోతుంది. మొక్క తన ఒంట్లో నిలుపుకొనే నీటికంటే సుమారు 50 రెట్లు నీటిని బయటికి వదులుతుంది. ఆ నీటితో పాటు దారునాళాల వెంట ఎక్కివచ్చిన సోడియం, క్లోరైడులు మాత్రం ఆవిరి కావు. అవి ఆకులోనే పోగవుతాయి. నీటి ప్రయాణం ఆకు కొనలోనూ అంచులోనూ ముగుస్తుంది కనుక ఉప్పు అక్కడే ముందుగా చేరుతుంది. ముదురాకు ఎక్కువ కాలం నీరు వదిలింది కనుక దానిలో ఎక్కువ ఉప్పు ఉంటుంది. ఉప్పు దెబ్బ గుర్తు ఇదే. ముందుగా కింది ముదురాకుల కొనలు, తరువాత అంచులు గోధుమరంగుకు తిరిగి కాలినట్టవుతాయి. పై చిగుళ్ళు అప్పటికింకా పచ్చగానే ఉంటాయి.

మొక్క చూస్తూ ఊరుకోదు. సోడియాన్ని కణంలోని రిక్తికలోకి నెట్టి తలుపు వేసుకుంటుంది. బయట ప్రోలీన్ వంటి పదార్థాలు తయారుచేసి సమతూకం కాపాడుకుంటుంది. వేరు దగ్గరే సాధ్యమైనంత ఉప్పును ఆపుతుంది. మన కోరంగి మడ అడవుల్లోని మడచెట్టయితే ఆకుమీది లవణ గ్రంథుల ద్వారా ఉప్పును బయటికే కక్కేస్తుంది. కాని ఇంటి ముందరి మందారకు అంత శక్తి లేదు. రిక్తిక నిండిపోయాక ఉప్పు కణద్రవ్యంలోకి పొంగుతుంది. పొటాషియం ఉండవలసిన చోట సోడియం కూర్చుంటుంది. ఎన్నో ఎంజైములు పొటాషియం లేనిదే పనిచేయవు. పత్రరంధ్రాల రక్షక కణాలు తెరుచుకోవడానికి కూడా పొటాషియమే తాళంచెవి.

ఇక కిరణజన్య సంయోగక్రియ సంగతి. నీటి కరువు తెలియగానే మొక్క పత్రరంధ్రాలను మూస్తుంది. నీరు దక్కుతుంది, కాని బొగ్గుపులుసు వాయువు లోనికి రావడం తగ్గుతుంది. ఆకు మందమై, లోపలి స్పంజి కణజాలంలోని గాలి గదులు ఇరుకైతే, వచ్చిన కొద్దిపాటి వాయువు కూడా హరితరేణువు దాకా చేరడం కష్టమవుతుంది. ఆకు నిర్మాణమూ, ఆకు చేసే పనీ వేరువేరు అధ్యాయాలుగా పుస్తకంలో చదువుతాం గాని, ఉప్పు దగ్గర అవి రెండూ ఒకటే అధ్యాయం. ఇటు ఎండ మాత్రం తగ్గదు. పత్రహరితం వెలుగును పట్టుకుంటూనే ఉంటుంది. ఆ శక్తిని ఖర్చుపెట్టడానికి వాయువు లేదు. ఖర్చుకాని శక్తి ఆక్సిజన్ మీద పడి, చురుకైన ఆక్సిజన్ రూపాలు తయారై, పత్రహరితాన్నీ, కణపొరలనూ కాలుస్తాయి. జనగామ ఏప్రిల్ ఎండలో ఉప్పునీటి మందార ఎందుకు అంత తొందరగా పసుపుబారుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఎండ ఒక్కటే చంపలేదు, ఉప్పు ఒక్కటే అంత త్వరగా చంపలేదు, రెండూ చేతులు కలిపాయి.

దానికి పక్కనే నిలబడ్డ గన్నేరును చూడండి. ఎడారి మొక్కల లక్షణాలకు ఉదాహరణగా బి.ఎస్సీ. ప్రాక్టికల్స్‌లో మనందరం గన్నేరు ఆకును అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద చూసినవాళ్ళమే. మందమైన అవభాసిని, వరుసల మీద వరుసలుగా బాహ్యచర్మం, అడుగు వైపున గుంటల్లో కేశాల మాటున దాగిన పత్రరంధ్రాలు. బొమ్మ గీశాం, భాగాలు గుర్తించాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ బొమ్మకూ, బస్టాండు ముందు బతికిన గన్నేరుకూ, చచ్చిన మందారకూ సంబంధం ఉన్నదని మాత్రం ఆలోచించం.

అదే రివర్‌సైడ్ పరిశోధనశాలలో బెర్న్‌స్టీన్, ఫ్రాంకోయిస్, క్లార్క్ అనే శాస్త్రవేత్తలు 1972లో అలంకరణ పొదమొక్కల ఉప్పు ఓర్పు మీద ఒక పరిశోధన ప్రకటించారు. ఆ దారిలో వచ్చిన పట్టికల ప్రకారం గులాబి 2 నుంచి 3 డెసీసీమెన్ల నేల వరకే తట్టుకుంటుంది. మందార 3 నుంచి 4 వరకు. గన్నేరు 6 నుంచి 8 వరకు. కాగితంపూల తీగ 8 దాటినా బతుకుతుంది. అవి కాలిఫోర్నియా లెక్కలు, మన రకాలు, మన నేలలు వేరు కావచ్చు. కాని వరుస మాత్రం మన కళ్ళ ముందు కనబడేదే.

వాటర్ ప్లాంటు నీళ్ళు

ఇప్పుడు మనందరికీ తెలిసిన ఒక విషయానికి వస్తాను. నేడు వాటర్ ప్లాంటు లేని ఊరు అరుదు. బోరునీటిని పొర గుండా నెట్టి, చప్ప నీళ్ళను డబ్బాల్లో నింపి, ఉప్పు మిగిలిన నీళ్ళను గొట్టంతో బయటికి వదులుతారు. ఆ నీళ్ళు వృథా పోవడం చూసి ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అందుకని చాలాచోట్ల ఆ గొట్టాన్ని మొక్కల వైపు తిప్పుతారు. ఉద్దేశం మంచిదే. లెక్క మాత్రం చూడాలి.

బోరునీటిలో లీటరుకు 1000 మిల్లీగ్రాముల లవణాలున్నాయనుకుందాం. 100 లీటర్లు లోనికి పోతే 100 గ్రాముల ఉప్పు పోయినట్టు. అందులో 50 లీటర్లు తాగునీరుగా బయటికి వచ్చి, దానిలో లీటరుకు 100 మిల్లీగ్రాములు మిగిలితే, తాగునీటితో పోయింది 5 గ్రాములే. తక్కిన 95 గ్రాములు రెండవ 50 లీటర్లలో ఉన్నాయి. అంటే లీటరుకు 1900 మిల్లీగ్రాములు. విద్యుద్వాహకతలో చెబితే ఇంచుమించు 3. అంతటితో ఆగదు. పెట్టిన నీటికంటే మట్టిలోని నీరు ఎప్పుడూ చిక్కగా ఉంటుంది. అడుగుకు కొంత నీరు జారిపోయే మామూలు నేలలో ఒకటిన్నర రెట్లని సాధారణంగా లెక్కకడతారు. అప్పుడు నేలలో 4.5. గులాబి ఎప్పుడో పోయింది. మందార హద్దు దాటింది. గన్నేరు మాత్రం నిలుస్తుంది. ఈ లెక్క చేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు, పదో తరగతి గణితం చాలు. అయినా ఏ గొట్టం పక్కనా ఈ లెక్క చేసినవారు కనబడరు.

మరి ఆ నీళ్ళను ఏం చేయాలంటారా? గన్నేరు, కాగితంపూల వంటి వాటికి పెట్టవచ్చు. ఎప్పటికప్పుడు మంచినీటితో మట్టిని కడిగే ఏర్పాటుండాలి. ఇంకుడు గుంతలోకి మాత్రం వదలరాదు. అది తోడిన బోరులోకే ఉప్పును తిరిగి పంపడమవుతుంది.

రైతుకేమిటి?

"పంటలే ఎండుతుంటే పూలమొక్కల ముచ్చట ఎందుకు?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినందువల్ల ఆ ప్రశ్న బరువు నాకూ తెలుసు. దానికి నా జవాబు ఇది.

1977లో మాస్, హాఫ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పంటల ఉప్పు ఓర్పును ఒకచోట కూర్చారు. దాని ప్రకారం వరికి నేలలో 3 డెసీసీమెన్ల వరకు దిగుబడి తగ్గదు. ఆ పైన ఒక్కొక్క డెసీసీమెనుకు నూటికి 12 పాళ్ళు తగ్గుతుంది. మిరప జాతి హద్దు 1.5 మాత్రమే. ఆ పైన ఒక్కొక్క డెసీసీమెనుకు నూటికి 14 పాళ్ళ నష్టం. ఇప్పుడు ఈ అంకెలను మందార అంకె పక్కన పెట్టి చూడండి. మందార ఆకు అంచు కాలేది 3, 4 మధ్య. ఆ సమయానికి అదే నేల, అదే నీరు అయితే మిరపతోట అప్పటికే నూటికి 21 నుంచి 35 పాళ్ళు నష్టపోయి ఉంటుంది. మిరప చెట్టు చావదు. పచ్చగానే నిలబడి, కాయ తక్కువ కాస్తుంది, కాయ చిన్నది కాస్తుంది. రైతు దానికి తెగులని మందు కొడతాడు, బలం తగ్గిందని ఎరువు వేస్తాడు. ఎరువులో చాలాభాగం కూడా లవణమే. అప్పు మీద అప్పు అన్నట్టు, ఉప్పు మీద ఉప్పు.

అందుకే అంటున్నాను, ఊరి మధ్య మందార మాడితే ఊరి చుట్టూ మిరపకు ముప్పు. పంచాయతీ ఆఫీసు ముందరి పూలమొక్క ప్రతి రోజూ అందరి కంట్లో పడుతుంది. దాని ఆకు చెప్పేది పొలంలో ఏ ఆకూ అంత స్పష్టంగా చెప్పదు. అది అలంకారం మాత్రమే కాదు, ఖర్చులేని కావలిమనిషి.

కొందరు దీనికొక సులువు మార్గం చెబుతారు. "ఉప్పుకు తట్టుకునే మొక్కలే పెడితే సరిపోదా?" అని. కోనోకార్పస్‌ను రోడ్ల వెంట విరివిగా నాటింది కూడా ఇటువంటి ఆలోచనతోనే. అమెరికా ఖండపు వెచ్చని సముద్రతీరాల చెట్టు అది. ఉప్పునూ ఎండనూ ఓర్చుకుంటుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. కాని పుప్పొడి వల్ల అనారోగ్యమని, వేర్లు పైపులను పట్టుకుంటున్నాయని అభ్యంతరాలు వచ్చాయి. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడమే నిషేధించింది. ఇక గన్నేరు చెట్టంతా విషం, పశువు తింటే ప్రాణం మీదికి వస్తుంది. పశువులు తిరిగే ఊళ్ళో విచ్చలవిడిగా నాటడం క్షేమం కాదు. అయినా నా అసలు అభ్యంతరం వేరు. తట్టుకునే మొక్క ఉప్పును తీసివేయదు, కనబడకుండా చేస్తుంది. కావలివాణ్ణి తీసేసి దొంగతనాలు తగ్గాయనడం వంటిదే ఇది.

చరిత్రలో దీనికి పెద్ద ఉదాహరణ ఉన్నది. యూఫ్రటీస్, టైగ్రిస్ నదుల మధ్య సుమేరియన్లు కాలువలు తవ్వి గోధుమ పండించారు. మురుగు పోయే దారి లేక నేలలో ఉప్పు పెరిగింది. వాళ్ళు గోధుమను తగ్గించి, ఉప్పుకు ఓర్చే బార్లీకి మళ్ళారు. కొన్ని శతాబ్దాలకు బార్లీ దిగుబడి కూడా పడిపోయింది. ఆ సంగతి జాకబ్‌సెన్, ఆడమ్స్ అనే పండితులు 1958లో మట్టిపలకల లెక్కలు చూసి రాశారు. పంట మార్చడంతో సరిపెట్టుకుని నేలను పట్టించుకోకపోతే ఏమవుతుందో ఆ మట్టిపలకలు చెబుతున్నాయి.

మనం చేయవలసింది

మొదటిది పరీక్ష. నీటిలో లవణాలు చూపే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ప్రతి నర్సరీలో, ప్రతి పంచాయతీలో ఒకటి ఉండాలి. మొక్కలు నాటే చోటి బోరును ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో ఒకసారి, వానలు వెళ్ళాక అక్టోబరులో ఒకసారి చూసి గోడమీద రాయాలి. ఎన్ని మొక్కలు నాటారో రాసే బోర్డు మీద ఏ నీరు పోస్తున్నారో కూడా రాయాలి. అప్పుడు మొక్క చస్తే కార్యదర్శిని మాత్రమే నిలదీయడం అన్యాయమని అందరికీ తెలుస్తుంది.

రెండవది నీళ్ళు పెట్టే తీరు. రోజూ చెంబెడు చల్లితే ఉప్పు పైపొరలోనే పేరుకుంటుంది. కొన్ని రోజులకొకసారి కడుపునిండా పెడితే వేరు కిందికి కడుగుకుపోతుంది. ట్యాంకరు గొట్టంతో మిట్టమధ్యాహ్నం ఆకుల మీద కొట్టడం మానాలి. ఆరిన ప్రతి చుక్కా ఆకుమీద ఉప్పు వదిలిపోతుంది. మొదట్లో ఎండుగడ్డి పరిస్తే నేల ఆవిరి తగ్గుతుంది. వాననీటిని మొక్క పాదులో నిలిపితే అంతకు మించిన మందు లేదు.

మూడవది రోగం తెలిసి మందు వేయడం. పాల చౌడుకు మంచినీళ్ళు, మురుగు పోయే కాలువ చాలు. కారు చౌడుకు జిప్సం కావాలి. జిప్సంలోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని తోసివేస్తే, తరువాత నీటితో దాన్ని కడిగివేయవచ్చు. ఏది ఏదో చూడకుండా అన్నింటికీ జిప్సం చల్లడం డబ్బు దండగ. 1969లో ఏర్పడిన కర్నాల్ కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ ఈ పద్ధతులను ఎన్నడో రైతు దగ్గరికి తెచ్చింది. దేశంలో ఉప్పు బారిన పడిన నేల సుమారు 67 లక్షల హెక్టార్లని లెక్క.

నాలుగవది మన పని. విద్యార్థి మిత్రులకూ, గురువులకూ నా విన్నపం ఇదే. మన వృక్షశాస్త్ర ప్రయోగశాలలో ప్రతి ఏడూ అవే స్లైడులు, అవే బొమ్మలు. దానికి బదులు ఒక్క మందార మొక్కను తీసుకుందాం. జనగామలో నాలుగు చోట్ల, మానుకోటలో నాలుగు చోట్ల, భూపాలపల్లిలో నాలుగు చోట్ల ఆకులు సేకరిద్దాం. సెలవులకు ఇళ్ళకు పోయే విద్యార్థులే తేగలరు. ఆకు అడుగున గోళ్ళరంగు పూసి ఆరాక ఊడదీస్తే పత్రరంధ్రాల అచ్చు వస్తుంది, లెక్కపెట్టవచ్చు. అడ్డకోతలో ఆకు మందం, స్తంభ కణజాలం పొడవు కొలవవచ్చు. నూటికి 80 పాళ్ళ అసిటోనులో పత్రహరితాన్ని తీసి, 1949లో ఆర్నన్ చెప్పిన పద్ధతిలో 645, 663 నానోమీటర్ల దగ్గర చూడవచ్చు. ఇవన్నీ మన సిలబసులో ఉన్న పనులే, మన దగ్గర ఉన్న పరికరాలే. పక్కనే రసాయనశాస్త్ర విభాగంలో అదే చోటి నీటిని పరీక్షించవచ్చు.

ఆ నీటి పరీక్ష లేకుండా ఆకు ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పరాదు. పొటాషియం లోపం వల్ల కూడా ముదురాకు అంచు కాలుతుంది. కుండీల్లోని డ్రసీనా, క్లోరోఫైటం కొనలు ఫ్లోరైడు వల్ల కూడా మాడతాయి, మన రాతినేలల్లో ఫ్లోరైడుకు కొదువ లేదు. దుమ్ము సంగతి ముందే చెప్పాను. ఆకు అనుమానం చెబుతుంది, నీరు రుజువు చెబుతుంది. రెండూ కలిస్తేనే సాక్ష్యం.

ఇట్లా మూడేళ్ళు చేస్తే మన కళాశాల దగ్గర ఒక పుస్తకం తయారవుతుంది. ఏ ఊరి నీటికి ఏ మొక్క బతుకుతుందో, ఏ ఊళ్ళో ఉప్పు ఏటేటా పెరుగుతున్నదో అందులో ఉంటుంది. నర్సరీకి మొక్కలు ఎంచేవారికి అది కావాలి. మిరప వేయాలా, పత్తి వేయాలా అని తేల్చుకునే రైతుకు అది ఇంకా ఎక్కువ కావాలి. పత్తి 7.7 దాకా ఓర్చుకుంటుంది, మిరప 1.5 దగ్గరే తడబడుతుంది. ఈ రెండంకెల మధ్య ఒక కుటుంబం ఏడాది బతుకు ఉన్నది.

మన తాతలకు నేలను నాలుకతో, పాదంతో చదవడం వచ్చు. మీటరు, సూక్ష్మదర్శిని వారి దగ్గర లేవు. మన దగ్గర రెండూ ఉన్నాయి. వచ్చే విద్యా సంవత్సరం మొక్కలు నాటే రోజున విద్యార్థి సంఘం ఒక్క తీర్మానం చేస్తే చాలు. మొదటి గుంత తవ్వేముందు కళాశాల బోరునీటి అంకెను నల్లబల్ల మీద రాయాలి. ఏ మొక్క నాటాలో ఆ అంకె చూసి తేల్చుకుందాం.